ఆరో తరగతికి ఏ బడి? మా మండలంలో సర్కారు బడులు చూసి వచ్చిన నా అనుభవం

మా మహిళా సంఘం సర్కారు బడి పిల్లలకు యూనిఫాంలు కుడుతుంది. 2024లో ప్రభుత్వం ఈ పనిని సంఘాలకు అప్పగించినప్పటి నుంచి నేనూ, ఇంకో ఇద్దరు అక్కలూ టేపు మెడలో వేసుకుని బడులకు పోతున్నాం. పిల్లల్ని వరుసలో నిలబెట్టి భుజం, ఛాతీ, నడుము, పొడవు కొలిచి రాసుకుంటాం. ఏ బడిలోకైనా తల్లిదండ్రులుగా పోతే ఆఫీసు రూము దాటి లోపలికి రానివ్వడం తక్కువ. కొలతలు తీసేవాళ్లను మాత్రం నేరుగా తరగతి గదిలోకే పంపుతారు. మా పెద్దపాప ఐదో తరగతిలో ఉన్న ఏడాది ఈ పని నాకు బాగా అక్కరకొచ్చింది.

మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లె. పాప ఒకటి నుంచి ఐదు దాకా ఊళ్లోని ప్రాథమికోన్నత పాఠశాలలోనే చదివింది. 2025 జూన్‌లో ఆరుకు రావాలి. ప్రైవేటు మాట మొదట్లోనే పక్కన పెట్టాం. చిన్నపాప కూడా ఉంది, ఇద్దరికీ ఫీజులు, బస్సు, పుస్తకాలు అంటే మావల్ల అయ్యేది కాదు. సర్కారులోనే వేద్దాం అనుకున్నాక, ఏ సర్కారు బడి అన్నది అసలు ప్రశ్న అయింది. బయటివాళ్లకు సర్కారు బడులన్నీ ఒక్కటే అనిపిస్తాయి. ఆరో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఒక్క మండలంలోనే ఎన్ని రకాలో. ఊళ్లో ఏడు దాకా ఉన్న యూపీఎస్ (ప్రాథమికోన్నత పాఠశాల), మండల కేంద్రంలో జిల్లా పరిషత్ హైస్కూల్, మూడు కిలోమీటర్ల దూరంలో పక్క ఊరి చిన్న హైస్కూల్, మండలం శివారులో మోడల్ స్కూల్, ఆడపిల్లలకు కస్తూర్బా హాస్టల్ బడి. ఇవి కాక నవోదయ, గురుకులాలు.

చివరి రెండింటి సంగతి తొందరగా తేలిపోయింది. గురుకులాల్లో చేరేది ఐదో తరగతికి, పరీక్ష నాలుగులో ఉండగానే రాయాలి. ఆరుకు మిగిలిపోయిన సీట్లే ఉంటాయి. పదేళ్లు కూడా నిండని పిల్లను హాస్టల్‌లో వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు, ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదే అనుకుంటాను. నవోదయకు ఐదులో ఉండగా ఒక్కసారే అవకాశం. రెండు గంటల పరీక్ష, ఎనభై ప్రశ్నలు, అందులో సగం బొమ్మల మీద వచ్చే మానసిక సామర్థ్యం. ఒక్కో నవోదయలో 80 దాకా సీట్లు, వాటిలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు. చాలా ఏళ్లుగా ఉమ్మడి నల్గొండ జిల్లా అంతటికీ చలకుర్తి నవోదయ ఒక్కటే ఉండేది. సూర్యాపేట జిల్లాకు కొత్తది 2024 డిసెంబర్‌లో మంజూరైంది. మా పాప జనవరి 18న పరీక్ష రాసింది. రాలేదు. రాదని దానికీ తెలుసు, బయటికి రాగానే "బొమ్మలు బాగున్నాయమ్మా" అని మాత్రం చెప్పింది.

కస్తూర్బాలో కొలతలకు పోయిన రోజు అక్కడి అమ్మాయిలు నాకు బాగా నచ్చారు. మొహమాటం లేకుండా మాట్లాడతారు, చున్నీ ఇంకో రెండు అంగుళాలు పెంచమని అడుగుతారు. కానీ అది బడి మానేసిన పిల్లలకు, తల్లీతండ్రీ లేనివాళ్లకు, ఒక్కరే ఉన్నవాళ్లకు మొదటి హక్కుగా పెట్టిన బడి. మేం ఇద్దరం ఉండి, ఊళ్లో ఇల్లుండి ఆ సీటు అడగడం నాకు బాగోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడి టీచర్లు కాంట్రాక్టు మీద పనిచేస్తారు. 2024 డిసెంబర్‌లో కస్తూర్బాలు నడిచే సమగ్ర శిక్ష పథకం కాంట్రాక్టు ఉద్యోగులు సమ్మెకు దిగితే తరగతులు దెబ్బతిన్నాయి. వాళ్ల జీతాల బాధ వాళ్లది, అందులో తప్పు పట్టేది లేదు. కాకపోతే ఏటా ఆ టెన్షన్ పిల్లల నెత్తి మీద ఉంటుంది.

ఇక మిగిలినవి నాలుగు. వాటిని ఎలా పోల్చాలి?

మా తమ్ముడు ఫోన్లో యూడైస్ ప్లస్ సైటు తెరిచి చూపించాడు. దేశంలో ప్రతి బడికీ పదకొండంకెల కోడ్ ఉంటుంది, తెలంగాణవి 36తో మొదలవుతాయి. చాలా బడుల్లో ఆ నంబరు గోడ మీదే రాసి ఉంటుంది. దాన్ని కొడితే రిపోర్ట్ కార్డు వస్తుంది. ఏ తరగతిలో ఎంతమంది, టీచర్లు ఎందరు, మరుగుదొడ్లు ఎన్ని, లైబ్రరీ ఉందా, కరెంటు ఉందా అన్నీ ఉంటాయి. నాలుగు బడుల కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. చదువుతుంటే అన్నీ బాగున్నట్టే ఉంది. లైబ్రరీ నాలుగింట్లోనూ 'ఉంది'. నేను నా కళ్లతో చూసిన వాటిలో ఒక లైబ్రరీ బీరువా, ఇంకొకటి తాళం వేసిన బీరువా.

అయినా ఆ కార్డు పనికిరానిదని అనను. ఒక్క పనికి చాలా బాగా పనికొచ్చింది. కార్డులో ఉన్న టీచర్ల సంఖ్యను బడిలో టైంటేబుల్ మీద ఉన్న పేర్లతో పోల్చాను. మండల కేంద్రం హైస్కూల్లో కార్డు చెప్పిన దానికంటే టైంటేబుల్‌లో ఇద్దరు తక్కువ. అడిగితే ఒకరు డిప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నారు, ఒకరు దీర్ఘకాలిక సెలవులో ఉన్నారు అన్నారు. జీతం ఇక్కడి లెక్కలో, మనిషి ఇంకోచోట. సైటు అబద్ధం చెప్పలేదు, పూర్తిగా చెప్పలేదు అంతే.

విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న బడుల గురించి స్పష్టంగానే రాశారు. సైన్సు-లెక్కలకు ఒకరు, సోషల్‌కు ఒకరు, భాషలకు ఒకరు తప్పకుండా ఉండాలి. ముప్పై ఐదు మందికి ఒక టీచరు ఉండాలి. ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి గంటల బోధన జరగాలి. మా ఊరి యూపీఎస్‌లో ముప్పై ఐదుకు ఒకరు అన్న లెక్క ఎప్పుడో దాటిపోయింది, టీచర్లు ఎక్కువై కాదు, పిల్లలు లేక. ఆరు, ఏడు కలిపి పదిహేను మంది కూడా లేరు. మధ్యాహ్నం రెండు తరగతుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక వైపు ఆరు, ఒక వైపు ఏడు చెప్పేవారు. ఒక సార్ లెక్కలూ చెప్తాడు, సైన్సూ చెప్తాడు, పొద్దున మూడో తరగతికి తెలుగూ చెప్తాడు. మనిషి మంచివాడు, మా పాపకు గుణకారం వచ్చిందంటే ఆయన పుణ్యమే.

ఇక్కడే నాకు చాలా కష్టమైంది. ఆయన మా ఇంటి మీదుగా పోతూ రోజూ అడిగేవారు. "అమ్మా, మీ పాపను ఇక్కడే ఉంచండి. మీరు తీసేస్తే మీ వెనక ఇంకో నలుగురు తీసేస్తారు, మా ఆరో తరగతే ఉండదు." ఆయన చెప్పింది నిజమే. మా సంఘంలో నేను ఎటు పోతే అటు వచ్చేవాళ్లు కొంతమంది ఉన్నారు. కానీ ఒక బడిని నిలబెట్టే బరువు పదకొండేళ్ల పిల్ల మీద పెట్టలేను కదా. పైగా ఏడు అయ్యాక ఎలాగూ బడి మారాలి. కొత్త సబ్జెక్టులు, హిందీ మొదలయ్యే ఆరులో మారడం కంటే, ఎనిమిదిలో మారడం ఇంకా కష్టం. ఎనిమిదిలో సైన్సు రెండుగా విడిపోతుంది, భౌతికశాస్త్రం ఒకరు, జీవశాస్త్రం ఒకరు చెప్తారు. ఆ పునాది పడాల్సింది ఆరూ ఏడులోనే.

మండల కేంద్రం హైస్కూల్ సంగతి చెప్తాను. మా వైపు అందరూ మొదట చెప్పే బడి అదే. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ, పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫోటోలు. పెద్ద గ్రౌండు, మన ఊరు-మన బడి పథకం కింద వేసిన రంగులు, కొత్త బెంచీలు. సైన్సు ల్యాబ్ నిజంగానే వాడుతున్నారు, బల్ల మీద మరకలు చూస్తే తెలుస్తుంది. నేను కూడా చూడగానే ఇదే అనుకున్నాను.

కొలతల వరుస దగ్గర అనుమానం మొదలైంది. మాకు తరగతి వారీగా పేర్ల లిస్టు ఇస్తారు. ఆరో తరగతి ఒక్కో సెక్షన్‌లో యాభై పైన పేర్లు. వరుసలో నిలబడ్డవాళ్లు నలభై చిల్లర. ఇంకోసారి పోయినా అవే పేర్లు ఖాళీ. క్లాస్ టీచర్ తల పట్టుకుని "అందాజాగా రాసుకోండి అక్కా, వచ్చినప్పుడు సరిపోతాయిలే" అన్నారు. పత్తి ఏరే రోజులు కాదు, పండగ కాదు. ఊరికే రావట్లేదు. పెద్ద బడిలో పదిమంది రాకపోతే ఎవరికీ వెలితిగా అనిపించదు. పక్క ఊరి చిన్న హైస్కూల్లో కొలతలు తీసేటప్పుడు ఒక పిల్లాడు రాలేదు. హెడ్మాస్టర్ మేడం ఏడో తరగతి పిల్లాడిని సైకిల్ మీద పంపి వాణ్ని ఇంటి నుంచి పిలిపించారు. నిద్ర కళ్లతో వచ్చాడు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని. కొలతలు రాసుకున్నాను గానీ ఆ రోజు నా మనసులో రాసుకున్నది అది.

తర్వాత నేను నోటుబుక్కులు చూడటం మొదలుపెట్టాను. డ్రెస్ బాగా కుట్టారో లేదో పైన చూస్తే తెలియదు, తిరగేసి లోపలి కుట్టు చూడాలి. బడికి అలాంటి లోపలి కుట్టు పిల్లల నోటుబుక్కులే. ఆరో తరగతి పిల్లల్ని, "ఏం బిడ్డా, నీ లెక్కల నోట్సు చూపించవూ" అని అడిగితే ఎగిరి గంతేసి చూపిస్తారు. మార్చి నెల అంటే పుస్తకం దాదాపు అయిపోవాలి. నేను చూసింది మూడు సంగతులు. ఎంత దాకా రాశారు, పిల్ల సొంతంగా చేసిందా బోర్డు మీద చూసి ఎక్కించిందా, ఎర్ర ఇంకుతో దిద్దిన గుర్తులు ఉన్నాయా. బోర్డు చూసి ఎక్కించినవి వెంటనే తెలిసిపోతాయి, నలుగురి పుస్తకాల్లో ఒకే కొట్టివేత ఒకే చోట ఉంటుంది.

మండల కేంద్రం బడిలో ఆరో తరగతి లెక్కల నోట్సు డిసెంబర్ దాకా చక్కగా ఉన్నాయి. జనవరి నుంచి పలచబడ్డాయి. దశాంశాల పాఠంలో మొదటి రెండు పేజీలే ఉన్నాయి. ఆ పిల్లలే చెప్పారు, "సార్ టెన్త్ వాళ్లకు చెప్తున్నారు, మాకు చదువుకోమన్నారు." టైంటేబుల్‌లో మాత్రం ఆరు-బీకి రోజూ లెక్కల పీరియడ్ ఉంది.

హెడ్మాస్టర్ సార్‌ను అడిగాను. ఆయనేమీ కోప్పడలేదు, దాచలేదు కూడా. కుర్చీలో వెనక్కి వాలి అన్నారు, "పదో తరగతి రిజల్ట్ ఒక్క శాతం తగ్గితే మీటింగ్‌లో నన్ను నిలబెట్టి అడుగుతారమ్మా. ఆరో తరగతి పిల్లకు భిన్నాలు రాకపోతే ఎవరూ అడగరు. ఉన్నది ఇద్దరు లెక్కల వాళ్లు. నన్నేం చేయమంటారు?" ఆ మాట విన్నాక ఆయన మీద కోపం రాలేదు. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, మధ్యలో మామూలు పీరియడ్లు, ఒక మనిషి ఎన్ని చెప్తాడు. కానీ మేం అందరం ఆ ఫ్లెక్సీ చూసే పిల్లల్ని అక్కడ వేస్తున్నాం. ఆ ఫ్లెక్సీ కోసమే ఆరో తరగతి పీరియడ్లు పోతున్నాయి. టెన్త్ రిజల్ట్ చూసి ఆరో తరగతికి బడి ఎంచుకోవడం ఎంత తలకిందుల పనో నాకు అక్కడ అర్థమైంది. పైగా ఆరో తరగతికి వచ్చే పిల్లల్లో తెలుగే తడుముకుంటూ చదివేవాళ్లు ఎందరో ఉంటారు. చిన్న తరగతులకు తొలిమెట్టు, పెద్ద తరగతులకు ఉన్నతి అంటూ కార్యక్రమాలు పెట్టింది అందుకే. వెనకబడ్డ పిల్లకు కావాల్సింది ఆ పోయిన పీరియడే.

అన్నం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను అది కూడా చూశాను. ఆరు నుంచి ఎనిమిది పిల్లలకు ఒక్కొక్కరికి రోజుకు 150 గ్రాముల బియ్యం లెక్క, ప్రాథమిక పిల్లలకు వంద. సన్నబియ్యమే వస్తుంది. తేడా అంతా పప్పు చిక్కదనంలో, గుడ్డు నిజంగా ఇస్తున్నారా అన్నదానిలో. దీనికి నేనేమీ వంటగదిలోకి పోయి తూచలేదు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలు ఎంతమందో చూశాను. ఒక బడిలో సగం మందికి పైగా డబ్బాలున్నాయి. చిన్న హైస్కూల్లో మూడో నాలుగో. టీచర్లు కూడా అదే కూర వేసుకుని తింటున్నారు.

మోడల్ స్కూల్ ఇంకో కథ. ఇవి తెలంగాణలో 194 ఉన్నాయి, 2013లో మొదలయ్యాయి. చదువులో వెనకబడ్డ మండలాలకని కేంద్రం పెట్టిన పథకం, 2015లో కేంద్రం తప్పుకుంది, రాష్ట్రమే నడుపుతోంది. ఆరుకు ప్రవేశపరీక్ష ఉంటుంది. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఇంగ్లిష్, అన్నీ ఐదో తరగతి పాఠాల్లోంచే. పాప రాసింది, సీటు వచ్చింది. ఇంట్లో పండగే. మా ఆయన లారీ మీద విజయవాడ వైపు ఉన్నాడు, ఫోన్లోనే స్వీట్లు పంచమన్నాడు.

బడి నిజంగా బాగుంది. పెద్ద బిల్డింగు, వరండాలు, ల్యాబులు, ఇంటర్ దాకా అక్కడే చదువుకోవచ్చు. టీచర్లు సబ్జెక్టుకొకరు ఉన్నారు, ఖాళీ ఉన్నచోట గంటల లెక్కన తీసుకున్నవాళ్లు ఉన్నారు. నోట్సులు చూశాను, మంచిగానే ఉన్నాయి. పరీక్ష రాసి వచ్చిన పిల్లలు కాబట్టి తరగతి కూడా చురుకుగా ఉంది. నాకు ఒక్క దాని మీదే అడ్డు పడింది. ఈ బడులు చాలావరకు భూమి దొరికిన చోట కట్టారు, ఊరికి దూరంగా. మాకు పదకొండు కిలోమీటర్లు. బస్సులో మండల కేంద్రం, అక్కడి నుంచి ఆటో. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడపిల్లలకు బస్సులో జీరో టికెట్టే. మా రూట్లో కొన్ని రోజులు బస్సు కూడా జీరోనే. ఏడు నలభైకి ఒకటి, అది తప్పితే తొమ్మిది దాటాక. సాయంత్రం నాలుగుంపావుకు బడి వదిలితే ఇంటికి చేరేసరికి ఆరు. చలికాలంలో అంటే చీకటే.

దీని మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా ఆయన మాట, "వచ్చిన సీటు వదులుకుంటారా ఎవరైనా? పిల్లలు పోవట్లేదా?" మా అత్తమ్మ ఆయన వైపే. పోతున్నారు, నిజమే. మా ఊరి నుంచే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి పోతుంది. దాన్ని ఇంటికి పిలిచి అడిగాను. బడి గురించి ఒక్క చెడ్డమాట చెప్పలేదు. "ఆంటీ, నేను హోంవర్క్ బస్సులో చేస్తా, సీటు దొరికితే" అంది. ఆరులో చేరినప్పుడు మొదటి ఏడాది ఎలా గడిచిందని అడిగితే కాసేపు నవ్వి, "నిద్రపోయేదాన్ని" అంది. పద్నాలుగేళ్ల పిల్ల తట్టుకునేది పదకొండేళ్ల పిల్ల తట్టుకోలేదు. ఇంటి పక్కన ఉంటే మోడల్ స్కూల్ కంటే మంచిది నాకు లేదని మా ఆయనకూ చెప్పాను. అది మాకు పక్కన లేదు.

చివరికి మిగిలింది పక్క ఊరి హైస్కూల్. పేరుకు హైస్కూలే గానీ మొత్తం పిల్లలు నూట ముప్పై దాకా. ఆరో తరగతిలో ఇరవై నాలుగు. టీచర్లు సబ్జెక్టుకొకరు ఉన్నారు, హిందీ పండిట్‌తో సహా. 2024 డీఎస్సీలో వచ్చిన కొత్త టీచరమ్మ ఒకామె సోషల్ చెప్తోంది. తరగతి బయట నిలబడి విన్నాను. ద్విభాషా పుస్తకంలో ఇంగ్లిష్ పేజీ చదివించి, తెలుగులో వివరించి, మళ్లీ ఇంగ్లిష్ వాక్యం పిల్లల చేత చెప్పిస్తోంది. 2022లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఇంగ్లిష్ వాక్యం చదవడం, తెలుగులో చెప్పడం, అక్కడితో ఆపేయడమే. ఆ మూడో అడుగు వేసింది నేను చూసినంతలో ఆమె ఒక్కతే. లెక్కల నోట్సులు చివరి పాఠం దాకా ఉన్నాయి, తప్పులతో సహా, ఆ తప్పుల పక్కన దిద్దుబాట్లతో సహా.

లోపాలు లేవని కాదు. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ల పైపు లేదు, బకెట్లతో మోసేవాళ్లు. ఆటల సార్ లేడు. కంప్యూటర్లు ఉన్నాయి, గది తాళం తీయగా చూడలేదు. నీళ్ల సంగతి మీద నేను ఊరుకోలేదు. బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి అధ్యక్షురాలు ఊరి మహిళా సమాఖ్య అధ్యక్షురాలే ఉంటుంది. ఆ ఊరి అధ్యక్షురాలు నాకు ఐకేపీ (మహిళా సంఘాల) మీటింగుల్లో తెలిసిన అక్క. "అక్కా, మీ బడికి నా బిడ్డను పంపాలంటే పైపు వేయించు" అని మొహం మీదే చెప్పాను. "నీ బిడ్డ వస్తదంటే రేపే వేయిస్త" అంది. రేపు కాలేదు గానీ బడి తెరిచేలోపు అయింది.

హెడ్మాస్టర్ మేడంను నేను అడిగిన మొదటి ప్రశ్న, ఇంత తక్కువ మంది ఉంటే టీచర్లను వేరేచోటికి పంపేయరా అని. ఆమె మెత్తగా చెప్పలేదు. "పంపుతారు. పిల్లలు తగ్గితే వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద ఒకరిద్దరిని తీసుకుంటారు. అందుకే పిల్లల్ని చేర్పించే బడిబాటలో మేం ఇంటింటికీ తిరిగేది. ఇంకో పదిమంది చేరితే ఎవరూ ముట్టుకోరు." ఏ బడిలోనూ నాకు ఇంత సూటిగా జవాబు దొరకలేదు. మిగతా చోట్ల 'మన బడిలో అన్నీ ఉన్నాయమ్మా' అన్న మాటే.

జూన్ మొదటి వారంలో బడిబాట మొదలైంది. ఒక పొద్దున మా వాకిట్లో ఒకేసారి రెండు బడుల వాళ్లు కలిశారు. ఒక వైపు మా ఊరి సార్, ఒక వైపు పక్క ఊరి మేడం, మధ్యలో నేను చాయ్ గ్లాసులు పట్టుకుని. ఇద్దరూ ఒకరినొకరు "బాగున్నారా సార్", "బాగున్నాం మేడం" అని పలకరించుకుని, ఇద్దరూ కరపత్రాలు తీశారు. ఉచిత పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం, రెండింట్లోనూ అవే మాటలు. ఆ యూనిఫాం కుట్టేది నేనే అని గుర్తొచ్చి ముగ్గురం నవ్వుకున్నాం. సార్‌కు ఆ రోజే చెప్పేశాను, పాపను పక్క ఊరికి పంపుతున్నామని. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు ఫోన్ చేసి బడి మారడానికి కావాల్సిన రికార్డ్ షీట్ రాసి పెట్టాను, వచ్చి తీసుకెళ్లండి అన్నారు. యూడైస్‌లో పాప పేరు పాత బడి నుంచి కొత్త బడికి మార్చడానికి ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ కలవక తిప్పలు పడితే, అదీ ఆయనే కూర్చుని సరిచేయించారు. చిన్నపాప మా ఊరి బడిలోనే ఉంది, అక్కడే ఐదు దాకా చదువుతుంది.

నా వెనక వస్తారన్నవాళ్లలో ఇద్దరు వచ్చారు, ఒకరు మండల కేంద్రానికి పంపారు, ఒకరు ఊళ్లోనే ఉంచారు. మండల కేంద్రానికి పంపినామె నాతో వాదించింది, పెద్ద బడిలో పోటీ ఉంటుంది, చిన్న బడిలో పిల్లలు ముద్దుగా పెరుగుతారు అని. ఆమె కొడుకు గట్టిగా చదివేవాడు, ఎవరు చెప్పినా చెప్పకపోయినా చేసుకుంటాడు. అలాంటి పిల్లలకు పెద్ద బడి సరిపోతుందేమో. మా పాప అడిగితే గానీ నోరు విప్పదు. యాభైమందిలో దాన్ని అడిగేవాళ్లు ఎవరు?

మొదటి ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష మార్కులు మామూలుగా వచ్చాయి. హిందీ అక్షరాలు మాత్రం ఆశ్చర్యంగా తొందరగా పట్టేసింది. మా వీధి ఆడపిల్లలు కలిసి సైకిళ్ల మీద పోతారు. వాన పడితే ఎవరో ఒకరి నాన్న ట్రాక్టర్.

ఆగస్టులో ఒక దెబ్బ తగిలింది. నేను ఎవరి నోట్సులు చూసి ఆ బడి ఎంచుకున్నానో ఆ లెక్కల సార్‌కే ప్రమోషన్ వచ్చింది. ఆ నెల రాష్ట్రమంతటా స్కూల్ అసిస్టెంట్లకు (హైస్కూల్ సబ్జెక్టు టీచర్లకు) హెడ్మాస్టర్లుగా పదోన్నతులు ఇచ్చారు, ఆయన వేరే మండలానికి పోయారు. ఆయనకు రావాల్సిందే, సంతోషమే. కానీ నేను ఇంట్లో రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా ఆయన మోడల్ స్కూల్ మాట ఎత్తబోయి, నా మొహం చూసి ఆపేశాడు. కొత్తవాళ్లు వచ్చేదాకా హెడ్మాస్టర్ మేడమే ఆరో తరగతి లెక్కలు చెప్పారు. ఆమె సబ్జెక్టు జీవశాస్త్రం. పొద్దున ఆఫీసు పనులు చూసుకుని, మధ్యాహ్నం సుద్దముక్క పట్టుకుని భిన్నాల కూడికలు చెప్పేవారట. ఆరో తరగతిని ఖాళీగా వదలడం ఆమెకు ఇష్టం లేదు, నేను ఆ బడిలో వెతికింది కూడా అదే కాబట్టి కొంచెం కుదుటపడ్డాను.

తర్వాత ఎస్‌జీటీ (చిన్న తరగతుల టీచరు) నుంచి ప్రమోషన్ మీద కొత్త సార్ వచ్చారు. ఇన్నేళ్లు చిన్న తరగతులకు చెప్పిన మనిషి, అందుకేనేమో మెల్లగా చెప్తారు, ప్రతి లెక్కా ఇంటి దగ్గర మళ్లీ చేయిస్తారు. ఇప్పుడు మా పాప ఫిర్యాదంతా ఆయన మీదే. పాత సార్ రెండు లెక్కలు ఇచ్చేవారు, ఈయన ఎనిమిది ఇస్తున్నారట. దిద్దడం మాత్రం ఎనిమిదీ దిద్దుతున్నారు, నేను చూస్తూనే ఉన్నాను.